రసెల్ పేరున ఇల్లు

జనవరి 12, ఆదివారం

మధ్యాహ్నం భోజనం నా కొడుకు రసెల్ ఇంట్లో. 'రసెల్ ఇల్లు' అని రాయడం అలవాటు చేసుకుంటున్నాను. వాడి పేరున రాసిచ్చి నాలుగేళ్ళు కావస్తున్నా చెయ్యి 'మా ఇల్లు' అనే రాయబోతుంది. పెళ్ళయి అడుగుపెట్టిన దగ్గర్నుంచీ నేను తుడిచిన గుమ్మం అది. చేతికేం తెలుసు పాపం, ఎవరి పేరున ఏముందో.

రసెల్‌తో కలిసుంటున్న లోర్నా మాంసం బాగానే కాల్చింది. దాంతో తినే పిండి రొట్టెలు, యార్క్‌షైర్ పుడ్డింగులే పొంగలేదు. "పొంగలేదు కదూ?" అని తనే అడిగింది. "కడుపులోకి వెళ్ళాక అన్నీ ఒకటేలే అమ్మాయ్" అన్నాను. మంచిమాటే అన్నాననుకున్నాను. రసెల్ బల్లకింద నా కాలు తొక్కాడు.

సాయంత్రానికి సముద్రం మీంచి ఒకటే గాలి. క్లీథోర్ప్స్‌లో జనవరి గాలంటే కుక్కలు కూడా బయటికి రావు. బస్సులు ఆపేశారని రేడియోలో చెప్పారు.

"ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోండి డోరీన్. మీ గదిలో పక్క వేసే ఉంది" అంది లోర్నా.

"వద్దమ్మా. ఇచ్చేసిన ఇంట్లో నేను మళ్ళీ పడుకుంటే, ఇచ్చినట్టు లెక్క కాదట. క్లబ్బులో మెర్విన్ చెప్పాడుగా."

"ఒక్క రాత్రికే? పన్నులవాళ్ళు మంచం కింద నక్కి కూర్చున్నారా ఏంటి?"

రసెల్ నవ్వాడు. "ఏడాదికి నెల లోపు ఉండొచ్చమ్మా. నేను చదివాను."

"చదివావులే. ఇవాళ గాలి అంటాం, రేపు వాన అంటాం. నాకేమైనా అయితే నలభై శాతం పన్ను కట్టేది నువ్వు."

వాడే వ్యానులో దింపాడు. నా ఫ్లాటు లాండ్రీ పైన. కింద మిషన్లు తిరుగుతుంటే నా కప్పులు అల్మరాలో గలగలమంటాయి. వెచ్చగా ఉంటుందిలే, అదొక లాభం.

జనవరి 23

గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు. మెర్విన్ మళ్ళీ గెలిచాడు, మళ్ళీ అందరికీ పాఠం చెప్పాడు. ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసి రిటైరయినవాడు, తెలియని విషయం లేదు. మా ఆయన క్లిఫర్డ్ పోయిన మరుసటేడు టీ కప్పుతో నా పక్కన కూర్చుని, "డోరీన్, నువ్వు పోతే నీ ఇంట్లో దాదాపు సగం సర్కారుదే. ఇప్పుడే కొడుక్కిచ్చెయ్. ఇచ్చాక ఏడేళ్ళు బతికి ఉండు. చిల్లిగవ్వ కట్టక్కర్లేదు" అన్నవాడు ఈ మెర్వినే. ఆ ఒక్కమాట అనకపోయుంటే నా కొడుకు నష్టపోయేవాడు. ఏడేళ్ళంటే 2028 మే. ఉప్పు తగ్గించాను. మెట్లు పట్టుకుని దిగుతున్నాను.

మార్చి 30, ఆదివారం, అమ్మల పండుగ

రసెల్ డాఫడిల్ పూలు తెచ్చాడు. ప్రతి ఏడూ అవే, ప్రతి ఏడూ నేను కొత్తగా ఆశ్చర్యపోవాలి.

లోర్నా వెనక గదిలో ఎవరిదో బొచ్చుకుక్కకి స్నానం చేయిస్తోంది. ఆదివారం కూడా. నా ఇంటి వెనక గది ఇప్పుడు ఊళ్ళో కుక్కల క్షౌరశాల. వాటికి గోళ్ళు కూడా తీస్తుంది. మనుషులకన్నా ఎక్కువ తీసుకుంటుంది, వరసలో నిలబడి మరీ ఇస్తారు.

రసెల్ వంటింటి తలుపు మూసి, "అమ్మా, నీకొకటి చెప్పాలి. మేం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం" అన్నాడు.

"ఎవరు?"

"ఎవరేంటమ్మా! నేనూ, లోర్నా."

"ఇప్పుడా? పదకొండేళ్ళ తర్వాతా?"

"అందుకే. ఆగస్టులో. రిజిస్ట్రీ ఆఫీసుకెళ్ళి సంతకాలు, తర్వాత చేపలూ చిప్స్. నువ్వు ఆ నీలం టోపీ పెట్టుకో. ఉంగరానికని దారంతో దాని వేలు కొలత తీసుకున్నా, నిద్రపోతుంటే."

నలభై ఆరేళ్ళవాడు. సముద్రంలో గాలిమరల మీదికెక్కి పనిచేస్తాడు. వేలికొలత గురించి చెప్తూ చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను ముద్దుపెట్టుకున్నాను. సంతోషమే నాకు. సంతోషం కాకపోవడానికేముంది.

ఏప్రిల్ 3

మెర్విన్‌ని ఊరికే, మాటల మధ్యలో అడిగాను. పెళ్ళయ్యి, తర్వాత విడిపోతే ఇల్లు ఏమవుతుందని.

"సగం పోతుంది. ఆవిడ సగం పట్టుకుపోతుంది. ఏడేళ్ళు కూడా నిండకుండా పెళ్ళేంటి! చెప్పు వాడికి."

మా చెల్లెలి కొడుకు విడాకులు గుర్తొచ్చాయి. ఆ పిల్ల టోస్టరు కూడా వదల్లేదు.

లోర్నా అలాంటిది కాదు. కాదనే అంటున్నాను. కానీ ఎవరి బుద్ధి ఎప్పుడు ఎలా తిరుగుతుందో ఎవరికి తెలుసు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

రసెల్‌తో సముద్రపు గోడ వెంట నడిచాను. లోర్నా రాలేదు, గొర్రెమాంసం పొయ్యిలో ఉందని.

"రసెల్, పెళ్ళి సంగతి. కాస్త ఆగరాదూ?"

"ఆగడమంటే?"

"ఏడేళ్ళు నిండేదాకా. మూడేళ్ళు. ఇల్లు పూర్తిగా నీదయ్యాక చేసుకోండి, నేనే డబ్బు పెడతాను, బ్యాండు పెట్టిస్తాను."

"ఇల్లు నాదేగా అమ్మా. దానికీ దీనికీ సంబంధమేంటి?"

"రేపేదైనా అయితే సగం పోతుందిరా. మీ నాన్న డాక్‌లో చేపల పెట్టెలు మోసి కట్టిన ఇల్లు. కలిసే ఉన్నారుగా, పదకొండేళ్ళు ఉన్నాక పెళ్ళయినట్టే లెక్క. అందరూ అనేదే. కాగితం వల్ల ఏమొస్తుంది?"

వాడు సముద్రంకేసి తిరిగాడు. నీళ్ళు వెనక్కి తగ్గి బురదే కనిపిస్తోంది. "లోర్నాకి చెప్పేశానమ్మా ఆగస్టని" అన్నాడు.

"ఆగమంటే చచ్చిపోదుగా."

"సరేలే. మూడేళ్ళేగా. నేనే ఏదో సర్దిచెప్తాను. మధ్యలో నీ పేరెందుకు, మీ ఇద్దరికీ చెడుతుంది."

బుద్ధిగా ఒప్పుకున్నాడు. వచ్చేటప్పుడు కాస్త నెమ్మదిగా నడిచాడు. మాంసం మాడిపోయింది, లోర్నా మా ఇద్దరినీ తిట్టింది.

ఏప్రిల్ 21

నేను వద్దనలేదు. ఆగమన్నాను.

మే 18

భోజనానికి వెళ్ళాను. లోర్నా ముభావంగా ఉంది. పని ఎక్కువైందట. పుడ్డింగులు బాగా పొంగాయి, అదే మాట అన్నాను, నవ్వలేదు.

జూన్ 11, బుధవారం

రసెల్ పోయాడు.

జూన్ 14

గుండె అన్నారు. పొద్దున్న పడవ ఎక్కకముందు, డాక్ క్యాంటీన్లో గుడ్డు శాండ్‌విచ్ తింటూ. సాస్ సీసా అందుకోబోయి పక్కవాడి భుజం మీద ఒరిగాడట. వాడు ఆటలనుకుని తోసేశాడట. ఆ కుర్రాడు వచ్చి ఏడ్చి ఏడ్చి వెళ్ళాడు. నేనే టీ పెట్టిచ్చాను.

నేను ఏడేళ్ళు బతకాలని ఉప్పు మానేశాను. మెట్లు పట్టుకు దిగాను. ముందు పోవలసినదాన్ని నేను. అందరం నా చావు గురించే లెక్కలేశాం.

జూన్ 25

దహనం. మనుషులు చాలామంది వచ్చారు. హామ్ శాండ్‌విచ్‌లు చాల్లేదు. పాదిరి లోర్నాని "రసెల్ భార్య" అన్నాడు. ఎవరూ సరిదిద్దలేదు. సరిదిద్దడానికేముంది, అందరూ అనుకునేదే అది.

జూలై 8, మంగళవారం

లాయరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. మిస్ హెప్‌వర్త్. చిన్నపిల్ల, ముక్కుకి చిన్న పుడక. ముందు టీ ఇచ్చింది. టీ ఇచ్చారంటేనే నాకు అనుమానం.

"వీలునామా ఏమైనా రాశారా?" అని అడిగింది.

"నలభై ఆరేళ్ళకి ఎవరు రాస్తారండీ?" అంది లోర్నా. "అయినా నేనున్నాగా. పదకొండేళ్ళు కలిసున్నాం. చట్టప్రకారం భార్య కిందే కదా."

మిస్ హెప్‌వర్త్ పెన్ను కింద పెట్టింది. "అందరూ అలాగే అనుకుంటారండీ. వారానికి ఒకరైనా వచ్చి ఈ కుర్చీలో కూర్చుని అదే అంటారు. అలాంటిది చట్టంలో లేదు. పదకొండేళ్ళున్నా, ఏభై ఏళ్ళున్నా లేదు. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, వీలునామా లేదు. అంటే మొత్తం తల్లికి."

"మొత్తమంటే?"

"ఇల్లు కూడా."

లోర్నా నాకేసి చూసింది. నేను కిటికీకేసి చూశాను. ఎదురుగా పావురాలు.

తర్వాత పన్ను. ఇల్లు నాలుగు లక్షల పాతికవేలు చేస్తుందట. ఒక మనిషికి మూడు లక్షల పాతికవేల దాకా మాఫీ. పై లక్ష మీద నలభై శాతం. నలభై వేల పౌండ్లు, రసెల్ చచ్చిపోయినందుకు.

"మాకు పెళ్ళయి ఉంటే?" లోర్నా అడిగింది.

"ఇల్లు మీది. పన్ను సున్నా. భార్యకి వెళ్ళేదానికి పన్ను ఉండదు."

అప్పుడు నోరు మూసుకుని ఉండొచ్చుగా నేను. ఉండలేదు. "మరి నా పేరునే ఉంచుకుని నేను పోయుంటే రసెల్‌కి ఎంతయ్యేది?" అన్నాను. పెద్ద మొత్తం చెప్తుందని. నేను చేసింది మంచిపనే అని లోర్నా ఎదుట తేలాలని.

మిస్ హెప్‌వర్త్ కాగితాలు తిరగేసింది. "మీ ఆయన వాడుకోని మాఫీ మీకొస్తుంది. ఇల్లు కన్నబిడ్డకి వెళ్తే ఇంకాస్త కలుస్తుంది. మీ ఇద్దరిదీ కలిపితే పది లక్షల దాకా ఏమీ ఉండదు మిసెస్ మాల్ట్‌బీ. మీకసలు పన్నే లేదు."

"ఏమీనా?"

"ఏమీ లేదు. ఈ పన్ను కట్టేవాళ్ళు నూటికి నలుగురైదుగురు ఉంటారు. భయపడేది మాత్రం ఊరంతా."

జూలై 9

ఏమీ లేదు.

జూలై 10

మెర్విన్ అన్నాడు. ఇన్సూరెన్సులో ముప్ఫై ఏళ్ళు చేసినవాడు అంటే నమ్మనా? చదువుకున్నవాడు చెప్పాడు, విన్నాను. ఎవరైనా అదే చేస్తారు.

జూలై 20

సూట్‌కేసు తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు లెక్కలేమీ లేవు, ఎన్ని రాత్రులైనా పడుకోవచ్చు. లోర్నా ఒక్కతే ఉంటే పిచ్చెక్కుతుందని వచ్చాను.

నా పాత గదిలో పడుకున్నాను. తెల్లవారి లేస్తే కిటికీలోంచి సముద్రం కనిపించింది. ఇల్లు మళ్ళీ నాది. ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను, ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ తర్వాత ఎందుకు నాదయిందో గుర్తొచ్చింది. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది, కొట్టుకోలేదు.

ఆగస్టు 3, ఆదివారం

ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు. నేను కెటిల్‌ను కిటికీ పక్కన పెడతాను, ఎప్పుడూ అక్కడే ఉండేది. లోర్నా మాట్లాడకుండా మళ్ళీ పొయ్యి పక్కన పెడుతుంది. రోజంతా కుక్కల మొరుగుడు. తడి బొచ్చు వాసన టీలోకి కూడా వస్తోంది.

ఇవాళ అడిగేసింది. "నన్నెప్పుడు ఖాళీ చెయ్యమంటారు డోరీన్?"

"నేనేమైనా అన్నానా?"

"అనలేదు. అనకుండా ఉండటమే భయంగా ఉంది. అంటే గది వెతుక్కుంటాను. కుక్కల్ని ఎవరు రానిస్తారో తెలీదు. నా కూడు వీటి మీదే."

"తొందరేముంది. చూద్దాం."

కూర్చుంది. జుట్టు కత్తిరించే కత్తెర చేతిలోనే ఉంది. "ఒకటడుగుతాను, దాచకుండా చెప్పండి. రసెల్‌కి ఇంకెవరైనా ఉన్నారా?"

"ఏం మాటలవి!"

"మార్చిలో తనే అన్నాడు, ఆగస్టులో పెళ్ళని. నేను పడుకుంటే వేలికి దారం చుట్టాడు. నాకు మెలకువే, నవ్వాపుకున్నాను. ఈస్టర్ అవగానే మాట మార్చాడు. ఇప్పుడొద్దులే అన్నాడు. ఎందుకంటే మొహం తిప్పేసుకున్నాడు. మూడుసార్లు అడిగాను, బతిమాలాను కూడా. సిగ్గులేకుండా. ఆఖరిసారి పోట్లాడుకున్నాం, తను పోవడానికి రెండ్రోజుల ముందు. 'నేనంటే నీకు ఇష్టం లేదు, చెప్పెయ్' అన్నాను. ఏమీ అనలేదు. నోరు తెరవలేదు డోరీన్."

నా చేతిలో కప్పు కింద పెట్టాను.

"మీకేమైనా చెప్పాడా?"

"నాకేం చెప్తాడు" అన్నాను. "మగవాళ్ళ మనసులో ఏముంటుందో ఎవరికి తెలుసు."

అంతే అన్నాను. ఇంకెవరూ లేరని గట్టిగా అనాల్సింది. అననందుకు తను ఏమనుకుందో నాకు తెలుసు.

ఆగస్టు 4

అసలు వాడికే పెళ్ళి మీద అంత మోజు లేదేమో. ఉంటే నేనంటే ఆగుతాడా? తల్లి మాట కాదని చేసుకున్నవాళ్ళు ఎంతమంది లేరు లోకంలో. మొగవాడు నిజంగా కావాలనుకుంటే తల్లి అడ్డమా.

ఆగస్టు 5

వేలికి దారం కట్టి కొలిచాడు.

సెప్టెంబరు 4

పోస్టులో మందపాటి కవరు. లోర్నా లాయరు దగ్గర్నుంచి. భార్యలా కాపురం చేసింది కాబట్టి రసెల్ ఆస్తిలో తనకు జీవనానికి సరిపడా ఇవ్వాలని కోర్టుకి వెళ్తుందట. నా ఇంట్లో నా ఎదురుగా గుడ్డు ఉడకబెట్టుకుంటూ!

"ఇదేంటిది?" అన్నాను.

తను ఆ కవరుకేసి చూసి మొహం దించుకుంది. "మీ మీద కోపం కాదు. ఒట్టు. మా అక్క తిట్టి పంపింది లాయరు దగ్గరికి. రేపు మీరు వద్దంటే నేనూ, కత్తెరలూ రోడ్డు మీద. నాకు నిలవడానికి చోటు కావాలి."

"నోరు తెరిచి నన్నడగొచ్చుగా."

"అడిగాను. చూద్దాం అన్నారు."

గుడ్డు నాకూ ఒకటి పెట్టింది. తిన్నాను. తినక ఏం చేస్తాను.

అక్టోబరు 14, మంగళవారం

మిస్ హెప్‌వర్త్. మళ్ళీ టీ.

"కోర్టు దాకా వెళ్తే మీరు వాఙ్మూలం ఇవ్వాలి. వాళ్ళెలా బతికారో మీకు తెలిసింది తెలిసినట్టు. కింద, ఇదంతా నిజమని సంతకం. రేపు జడ్జి ఎదుట ప్రశ్నలు కూడా వేస్తారు. అబద్ధమైతే మీకే ఇబ్బంది."

"అడగండి."

"పెళ్ళి మాట ఎప్పుడైనా వచ్చిందా వాళ్ళ మధ్య? ఎందుకు చేసుకోలేదో మీకు తెలుసా?"

గోడ గడియారం కొట్టుకుంటోంది. "నాకు తెలిసినంతలో రాలేదు" అన్నాను.

"లోర్నా గారు మాత్రం మార్చిలో అనుకున్నారని, తర్వాత రసెల్ వెనక్కి తగ్గాడని అంటున్నారు. కారణం తెలియదంటున్నారు. వాళ్ళ లాయరు దీని గురించి రసెల్ స్నేహితుల్ని, మీకు తెలిసినవాళ్ళని అడుగుతాడు."

"అడుగుతాడా?"

"అడక్కుండా ఎలా?"

బయటికి వచ్చాక బస్సు నెంబరు చూడకుండా ఎక్కేశాను. ఎక్కడో దిగి నడిచొచ్చాను.

అక్టోబరు 16

క్లబ్బుకి వెళ్ళకుండా ఉండాల్సింది. మెర్విన్ గది అవతలి నుంచే కేకేశాడు. "డోరీన్! కోర్టంటగా! ఏం భయపడకు, నేనొస్తా సాక్ష్యానికి!"

"నువ్వెందుకు మెర్విన్?"

"ఎందుకేంటి! నువ్వు ముందునుంచీ ఇల్లు జాగ్రత్త చేసుకున్నావని చెప్తా. ఏప్రిల్ మొదట్లో నన్నడగలేదూ, పెళ్ళయితే ఇల్లు ఏమవుతుందని? వాడికి చెప్పమన్నాను, నువ్వు చెప్పావు, వాడు విన్నాడు. చూడు, ఎంత మేలయిందో! పెళ్ళయి ఉంటే మొత్తం ఆవిడ పట్టుకుపోయేది."

పక్కన నలుగురున్నారు. అందరూ తలలూపారు. మేలేనట. పక్కనున్న ఆట బంతి తీసి వాడి నెత్తిన వెయ్యాలనిపించింది. "గొంతు తగ్గించు" అన్నాను, అంతే అనగలిగాను.

"ఎవరడిగినా చెప్తా. నాకు జ్ఞాపకశక్తి బాగా ఎక్కువ" అన్నాడు.

అక్టోబరు 17

పొద్దున్న లోర్నా టీ తెచ్చి మంచం పక్కన పెట్టింది. కోర్టు కాగితాలు పంపినదే, టీ కూడా తెచ్చింది. చక్కెర సరిగ్గా వేసింది.

చెప్పేయొచ్చు. "వాడు చేసుకుంటానన్నాడు, నేను ఆపాను" అని. ఒక్క ముక్క. టీ చల్లారేలోగా అయిపోతుంది.

తర్వాత నా మొహం ఎలా చూస్తుంది? నాకిప్పుడు ఎవరున్నారు తనొక్కతి తప్ప? క్లబ్బులో ఆ పెద్దమనుషులా?

అక్టోబరు 19, ఆదివారం

ఆలోచించాను. ఇల్లు లోర్నాకిచ్చేస్తాను.

మొత్తం. కోర్టూ వద్దు, వాఙ్మూలమూ వద్దు. పిల్ల పదకొండేళ్ళు వాడిని చూసుకుంది. కష్టపడి సంపాదించుకునే పిల్ల. నాకేం, ఎన్నాళ్ళుంటాను? ఫ్లాటు ఉండనే ఉంది, అద్దె ఇంకా కడుతూనే ఉన్నాను. ఇది న్యాయం కోసం. ఇంకెందుకూ కాదు.

చెప్పగానే లోర్నా చేతిలోని పళ్ళెం జారవిడిచింది. "నాకెందుకండీ, సగం చాలు, ఉండనిస్తే చాలు" అంటూ ఒకటే ఏడుపు. "నోర్మూసుకుని తీసుకో" అన్నాను. ముక్కలు ఇద్దరం కలిసి ఏరాం.

అక్టోబరు 22

మిస్ హెప్‌వర్త్ అరగంట నచ్చజెప్పింది. ఇచ్చాక తిరిగి తీసుకోలేరంది. సగమివ్వమంది. ఉండనిచ్చి ఇల్లు నా పేరున ఉంచుకోమంది. చిన్నపిల్లే అయినా మంచి సలహా. వినలేదు.

"మనిషి పోయిన రెండేళ్ళలోగా ఇలా మార్పు పత్రం రాస్తే పన్ను లెక్కలో ఇది మీరిచ్చినట్టు కాదు. రసెలే ఇచ్చినట్టు చూస్తారు" అంది.

"రసెలే ఇచ్చినట్టా?"

"వీలునామాలో రాసినట్టే. నలభై వేలు మాత్రం ఎలాగూ తప్పదు. పదేళ్ళ వాయిదాలు పెట్టుకోవచ్చు."

మొదటి వాయిదా నేను కడతానన్నాను. ఆ పిల్ల నన్నొక దేవతలా చూసింది. చూడొద్దని చెప్పాలనిపించింది.

నవంబరు 6, గురువారం

సంతకాలయ్యాయి. నాదొకటి, లోర్నాదొకటి, సాక్షిగా ఆ ఆఫీసు అమ్మాయిది. వాఙ్మూలం కాగితాలు మిస్ హెప్‌వర్త్ చింపి బుట్టలో వేసింది. ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. మెర్విన్ జ్ఞాపకశక్తి మెర్విన్ దగ్గరే ఉంటుంది.

బయట సన్నగా వాన. మెట్లమీదే లోర్నా నన్ను పట్టేసుకుంది. కుక్కల సబ్బు వాసన. మనిషి చిక్కిపోయింది, ఎముకలు తగిలాయి నాకు.

"పదకొండేళ్ళు ఉండి తను ఇవ్వలేదు నాకు. మీరిచ్చారు" అంది.

"వాడిచ్చినట్టే. చట్టంలో అలాగే రాస్తారు."

"రాస్తారులెండి. ఇవ్వలేదుగా." ఏడుస్తూనే నవ్వింది. తర్వాత నా కోటు బొత్తాం తిప్పుతూ, చిన్నపిల్లలా, "నేను చాల్లేదు కదా తనకి? చెప్పమ్మా. ఇప్పుడిక ఏమనుకోను" అంది.

ఎప్పుడూ డోరీన్ అనేది. అమ్మ అని రసెల్ ఒక్కడే పిలిచేవాడు నన్ను.

నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. నాలుక మీదికి వచ్చింది కూడా. ఇల్లు పోయింది, కోర్టు పోయింది, ఇక నాకు పోయేదేముంది అనుకున్నాను. కానీ తను నా చెయ్యి పట్టుకుని ఉంది. వెచ్చగా ఉంది చెయ్యి.

"వాడంతేలే అమ్మా" అన్నాను. "చిన్నప్పట్నుంచీ మొండివాడు. ఎవరి మాటా వినేవాడు కాదు."

లోర్నా తలూపింది. ముక్కు చీదుకుంది. తనకి ఏదో తేలిపోయినట్టు, ఇక ఆశ పెట్టుకోవడానికేమీ లేనట్టు తలూపింది. బస్‌స్టాపు దాకా నా చెయ్యి వదల్లేదు. ఆదివారం భోజనానికి తప్పకుండా రమ్మంది, రాత్రికి ఉండిపొమ్మంది. సరేనన్నాను.

ఫ్లాటుకి వచ్చి కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను. కింద మిషన్లు తిరుగుతున్నాయి.

రసెల్ ఎన్నడూ మొండివాడు కాదు. నేను చెప్పిన మాట విన్నాడు.